విరిగిన పలక

పదకొండు దాటింది. మన అమలాపురం గడియారస్తంభం వీధిలో కార్లు ఆపాలా వద్దా అన్న సంగతి మీకు రాద్దామని కూర్చున్నాను. ఇల్లంతా పడుకుంది, నాకు ఓ పలకే కళ్ళలో ఆడుతోంది. గడియారస్తంభం సెంటర్లో కొట్టు ముందు, కాలువ మీద పరిచిన సిమెంటు పలక. దాని మీదికి ముందు చక్రాలు రెండూ ఎక్కించి పెట్టిన తెల్ల కారు. పలక బీటవారింది, లోపలి చువ్వ తుప్పుపట్టి పైకి తేలింది.

అమలాపురంలో మనకున్న ఫుట్‌పాత్ ఆ పలకలే కదా. మనిషి బరువుకు పోసినవి, టన్ను బండికి కాదు. విరిగిన ముక్క కాలువలో పడుతుంది, దానికి ప్లాస్టిక్ సంచులు తగులుకుంటాయి, పూడిక కడుతుంది. కోనసీమ నేలకు వాటం తక్కువ, నీరు లాగదు. గట్టి వాన ఒక్కటి పడిందా, ఆ మురుగంతా కొట్టు మెట్ల మీదే. మళ్ళీ "కార్లు రాకపోతే బేరాలుండవండీ" అనేదీ ఆ కొట్టువాళ్ళే! కారు నిలపాలంటే రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు కావాలి. ఆ జాగాలో ఆరు మోటారు సైకిళ్ళు పడతాయి, అంటే ఒక్క కారు కోసం ఆరుగురు బేరగాళ్ళ చోటు పోతోంది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో 1962లో స్ట్రోయెట్ వీధికి కార్లు ఆపినప్పుడూ వ్యాపారులు ఇలాగే బెంగపడ్డారు. ఆ ఊళ్ళో ఇప్పుడు పేరున్న బజారు అదే.

డెన్మార్క్ దాకా ఎందుకు, మన దసరా చాలదూ? చెడీ తాలింఖానా, అదే మన కర్రసాము కత్తిసాము ఊరేగింపు, ఆ రాత్రి ఒక్కసారి గుర్తు చేసుకోండి. కర్రలు గిర్రున తిరుగుతుంటాయి, కత్తులు లైట్లకు మెరుస్తుంటాయి. కళ్ళకు గంతలు కట్టుకున్నాయన, పడుకున్న మనిషి మీద పెట్టిన కూరగాయను ఒక్క వేటుకు కోస్తాడు. జనం ఊపిరి బిగబడతారు. పిల్లలు నాన్నల భుజాలెక్కి ఉంటారు. చేయి వదిలేసినా పిల్లాడికేం కాదన్న ధీమా ఆ ఒక్క రాత్రే. అదే వీధి, అదే వెడల్పు. లేనివల్లా కార్లే.

అందుకే పూర్తిగా మూసేయాలి అని రాయబోయాను. కానీ అత్తయ్యగారి మోకాళ్ళ సంగతి మీకు తెలుసుగా, ఆవిడ రెండు వందల గజాలు నడవలేరు. సరుకు దిగాలి, 108 రావాలి. కాబట్టి పూర్తిగా వద్దు, వేళ పెడితే చాలు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో 2021 నుంచి ఉదయం 9 మొదలు రాత్రి 9 దాకా మోటారు బళ్ళు ఆపి, రిక్షాలు వదిలారు. మనకైతే సరుకు తెల్లవారుజామునే దింపుకుని, పగలు పెద్దవాళ్ళ కోసం నాలుగు బ్యాటరీ ఆటోలు తిప్పితే సరి.

కార్లు రాకుండా వీధి చివరల పాతే పొట్టి స్తంభాల దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. మధ్య సందు 1.2 మీటర్లు ఉంటే చక్రాల కుర్చీ దూరుతుంది, కారు దూరదు. మోటారు సైకిల్ మాత్రం దర్జాగా దూరుతుంది. దాన్ని ఆపాలని సందు తగ్గిస్తే కుర్చీ ఆగిపోతుంది. కాబట్టి సాయంత్రాలు రెండు చివరలా మనిషి ఉండాల్సిందే. నడిమి స్తంభాలు తాళం తీసి పైకి లాగేసేవి కావాలి, అవి తీస్తే ఫైరింజనుకు నాలుగు మీటర్ల దారి రావాలి. తాళం చెవి ఒకటి ఫైర్ స్టేషన్‌లో, ఇంకొకటి మలుపులో రాత్రి దాకా తెరిచి ఉండే మందుల షాపులో.

వీటన్నిటికంటే ముందు కార్లకు వేరే జాగా చూపాలి, లేకపోతే పక్క సందుల్లో పలకలెక్కుతాయి. అవి ఇంకా పల్చన.