13 అని రాస్తే 18 అని చదివారు

వర్క్‌షాప్ నుంచి ఫోన్ వచ్చేసరికే, నేను గీసిన డ్రాయింగ్ షీట్ చూసి బేస్ ప్లేటుకు, అంటే ఫ్రేమ్ అడుగు ప్లేటుకు, రంధ్రాలు వేసేశారు. ఎం12 (12 మిల్లీమీటర్ల) బోల్టుల కోసం 13 మిల్లీమీటర్ల రంధ్రాలు కావాలి, 18 వేశారు. "మేడమ్, షీట్‌లో పద్దెనిమిది అని ఉంది, పద్దెనిమిదే వేశాం. ఎం16కి అయితే పద్దెనిమిది మామూలే కదా, అందుకే అనుమానం రాలేదు" అన్నాడు అవతలి ఆయన. నా స్క్రీన్ మీద మాత్రం 13 అని నిక్షేపంలా కనిపిస్తోంది. వాళ్లు వాడిన ప్రింట్‌ను ఫోటో తీసి పంపమన్నాను. చూడగానే అర్థమైంది. అంకె చీమ తలంత ఉంది, పక్కనే ఉన్న మధ్య గీత (రంధ్రం కేంద్రాన్ని చూపే గీత) 3ని ఆనుకుని పోతోంది, రెండూ ఒకే మందంలో ఉన్నాయి. నేనైనా 8 అనే చదివేదాన్ని.

ఆ షీట్‌ను నేను కంప్యూటర్‌లో బొమ్మలు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌తో ఏ1 కాగితం సైజుకు గీశాను. వర్క్‌షాప్‌లో ఏ3 ప్రింటర్ ఉంది, వాళ్లు ఏ3 మీదే తీసుకున్నారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, మిషన్ల మధ్య ఏ1 కాగితం పరుచుకుని పని చేయడం ఎవరికీ కుదరదు. ఏ1 వెడల్పు 841 మిల్లీమీటర్లు, ఏ3 వెడల్పు 420. అంటే అన్నీ సగమవుతాయి. నేను పెట్టిన 2.5 మిల్లీమీటర్ల అక్షరం 1.25 అయింది. లేయర్లన్నీ (ఒక్కో రకం గీతలను విడిగా ఉంచే పొరలు) డిఫాల్ట్‌లో, అంటే 0.25 మిల్లీమీటర్ల మందంలో వదిలేశాను కాబట్టి, ప్లేటు అంచు, కొలత గీత, హ్యాచింగ్ (లోపల నింపే ఏటవాలు గీతలు) అన్నీ 0.125కి దిగి ఒకేలా పడ్డాయి.

సరిదిద్దడానికి రెండు రోజులు చాలనుకున్నాను. రెండు వారాలు పట్టింది. ఎక్కువ రోజులు పోయింది తప్పు చోట వెతకడంలోనే.

మొదట చేసిన పని, స్క్రీన్ మీద లైన్‌వెయిట్ (గీత మందం) డిస్‌ప్లే ఆన్ చేసి, కంటికి బాగా అనిపించేదాకా ఒక్కో లేయర్ మందం పెంచుకుంటూ పోవడం. ఆటోక్యాడ్‌లో మోడల్ స్పేస్‌లో, అంటే బొమ్మను అసలు కొలతల్లో గీసే చోట, కనిపించే మందం పిక్సెళ్ల లెక్క. జూమ్ ఎంత చేసినా గీత అంతే లావుగా ఉంటుంది. కాగితం మీద ఎంత పడుతుందో అది చెప్పదు. నాకా సంగతి తెలియక అంచులకు 0.5, అక్షరాలకు కూడా 0.5 ఇచ్చేశాను. ప్రింట్ తీస్తే ఇంకా ఘోరం. నేను వాడింది ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్, అంటే అక్షరాన్ని గీతలతో గీసే రకం. లేయర్‌కు ఇచ్చిన మందం అక్షరం గీతకూ వర్తిస్తుంది. 2.5 ఎత్తు అక్షరానికి 0.5 గీత పెడితే 8, 6, 9 లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ఏ తప్పును దిద్దాలనుకున్నానో దాన్నే ఇంకా పెంచాను.

అప్పుడు ఆఫీసులో ఒక సీనియర్ దగ్గరికి వెళ్లాను. ఆయన కంప్యూటర్ రాకముందు ట్రేసింగ్ పేపర్ మీద ఇంకు పెన్నులతో గీసిన మనిషి. నా ప్రింట్ చూసి సెట్టింగుల గురించి ఒక్క మాటా అడగలేదు. స్టీలు స్కేలు చేతికిచ్చి, "ముందు అక్షరం ఎత్తు కొలువమ్మా" అన్నారు. కొలిచాను. "దీన్ని చదివేవాడు ఏ కాగితం మీద చదువుతాడు?" అని అడిగారు. ఏ3 అన్నాను. "అయితే లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టు."

తర్వాత తన పెన్నుల డబ్బా తెరిచి చూపించారు. ప్రతి పెన్నుకూ ఒక రంగు పట్టీ ఉంది: 0.25కి తెలుపు, 0.35కి పసుపు, 0.5కి గోధుమ, 0.7కి నీలం. ఈ అంకెలు ఎందుకిలా ఉంటాయో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక్కో మెట్టుకు 1.414 రెట్లు, అంటే 2కి వర్గమూలం. ఏ3, ఏ4 లాంటి కాగితాల పొడవు వెడల్పుల నిష్పత్తీ అదే. ఏ4 మీద గీసినదాన్ని ఏ3కి పెంచితే 0.25 గీత 0.35 అవుతుంది, 2.5 అక్షరం 3.5 అవుతుంది. అప్పుడు దాని మీద దిద్దుబాటు చేయాలంటే డబ్బాలో ఉన్న తర్వాతి పెన్ను తీసుకుంటే సరిపోతుంది, పాతకీ కొత్తకీ తేడా తెలియదు. ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణంలో గీతల మందాలు 0.13, 0.18, 0.25, 0.35, 0.5, 0.7, 1, 1.4, 2 అని, అక్షరాల ఎత్తులు 1.8, 2.5, 3.5, 5, 7, 10, 14, 20 అని ఉండటం వెనక ఉన్నది ఇదే. ఎన్నో ఏళ్లుగా డ్రాప్‌డౌన్‌లో చూస్తున్న అంకెలు నాకు ఆ రోజు మొదటిసారి అర్థమయ్యాయి. చాలా సంతోషం వేసింది, నిజం చెప్తున్నాను.

ఇక లెక్క తేలికైపోయింది. ఏ3 మీద అక్షరం 1.8కి దగ్గరగా ఉండాలంటే ఏ1 మీద 3.5 ఉండాలి. కొలతలకు ఇంకొంచెం ఉదారంగా 5 పెట్టాను, అది ఏ3లో 2.5 అవుతుంది. దళసరి గీతకూ సన్నగీతకూ మధ్య రెండింతల తేడా ఉండాలంటుంది ప్రమాణం. అంచులకు 0.7, కొలత గీతలకు, మధ్య గీతలకు, హ్యాచింగ్‌కు 0.35 పెట్టాను. ఏ3కి వచ్చేసరికి 0.35, 0.18 అవుతాయి. అక్షరం గీత మందం ఎత్తులో పదో వంతు కాబట్టి 5కి 0.5, 3.5కి 0.35. ఇలా పెడితే లోపలి ఖాళీలు పూడవు.

లేయర్లన్నిటికీ ఈ అంకెలు ఇచ్చి ప్లాట్ చేశాను, అంటే ప్రింట్ తీశాను. ఏమీ మారలేదు! అవే పాత గీతలు. ఇక్కడే నాకు బాగా టెన్షన్ వచ్చింది, ఎందుకంటే లేయర్ పట్టికలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కారణం సీటీబీ ఫైలు. అది రంగును బట్టి పెన్ను మందం నిర్ణయించే ప్లాట్ స్టైల్. ఎప్పటి నుంచో ఒకరి నుంచి ఒకరికి అందుతూ వచ్చిన ఫైలును నేనూ వాడుతున్నాను. అందులో ఎవరో ప్రతి రంగుకూ ఒక మందం పెట్టి ఉంచారు. రంగుకు మందం ఇచ్చి ఉంటే లేయర్‌కు ఎంత ఇచ్చినా ప్లాట్‌లో ఆ రంగు మాటే చెల్లుతుంది. 255 రంగులకూ లైన్‌వెయిట్ గడిలో 'యూజ్ ఆబ్జెక్ట్ లైన్‌వెయిట్' అని మార్చాను. రంగు కూడా నలుపు చేసుకుంటే అది ఆటోక్యాడ్‌తో పాటే వచ్చే మోనోక్రోమ్ సీటీబీ లాంటిదే, నేరుగా దాన్నే పెట్టుకోవచ్చు.

మందాన్ని రంగుతో కట్టేయాలా, లేయర్‌తో కట్టాలా అని మనవాళ్లలో రెండు పక్షాలున్నాయి. నా ఓటు లేయర్‌కే. ఫైలు ఇంకొకరికి పంపినప్పుడు సీటీబీ వెంట వెళ్లకపోతే రంగు పద్ధతి అంతా కూలిపోతుంది. లేయర్ మందం ఫైలు లోపలే ఉంటుంది.

అయినా కొన్ని గీతలు మాట వినలేదు. బయటి నుంచి తెచ్చిన బోల్టుల బ్లాకుల్లో (ముందే గీసి ఉంచిన బొమ్మల్లో) గీతలకు నేరుగా రంగూ మందమూ పెట్టేసి ఉన్నాయి. సెట్‌బైలేయర్ కమాండ్‌తో వాటిని లేయర్ దారికి తెచ్చాను. ఒక హ్యాచింగ్‌కు ట్రూ కలర్, అంటే ఆ 255లో లేని రంగు, ఇచ్చి ఉంది. సీటీబీ దాన్ని ముట్టుకోదు, అది ఒక్కటీ నలుపు కాకుండా తన రంగులోనే పడింది. ఇంకోచోట అంచు గీత మరీ లావుగా వచ్చింది. చూస్తే అది విడ్త్ (వెడల్పు) ఇచ్చిన పాలీలైన్, అంటే ముక్కలన్నీ కలిసి ఒకే వస్తువుగా ఉండే గీత. విడ్త్ అనేది బొమ్మ కొలతల్లో ఉంటుంది, స్కేలుతో పాటు మారుతుంది. లైన్‌వెయిట్ కాగితం కొలత. ఈ రెండూ వేరని తెలియకపోతే అరపూట పోతుంది.

అక్షరాల సంగతి ఇంకో కథ. నా షీట్‌లో మొత్తం ఫ్రేమ్ 1:5లో ఉంది, బేస్ ప్లేట్ వివరం 1:1లో. పాత పద్ధతిలో ఫ్రేమ్ దగ్గర 5 ఎత్తు కావాలంటే మోడల్‌లో 25 అని టైప్ చేయాలి. దాన్నే కాపీ చేసి వివరం పక్కన పెడితే 25 మిల్లీమీటర్ల అక్షరం ప్లేటు మీద పడుకుంటుంది. ఈసారి స్కేలును బట్టి మారే అనోటేటివ్ టెక్స్ట్‌కు మారాను. కాగితం మీద ఎంత ఎత్తు కావాలో అదే చెప్తాం, వ్యూపోర్ట్ (షీట్ మీద బొమ్మను ఒక స్కేలులో చూపే కిటికీ) స్కేలును బట్టి అది సర్దుకుంటుంది. ఒక్కటే జాగ్రత్త, ఆ టెక్స్ట్‌కు ఆ స్కేలు జోడించి ఉండాలి. లేకపోతే ఆ వ్యూపోర్ట్‌లో అక్షరం కనిపించదు. మొదటి రోజు సగం నోట్స్ మాయమైతే ఫైలు పాడైందేమో అనుకున్నాను.

కొలతల రూపాన్ని నిర్ణయించే డైమెన్షన్ స్టైల్‌లో టెక్స్ట్ ఎత్తు 5 అని మార్చినా కొలతలు 2.5 దగ్గరే ఉండిపోయాయి. మూడుసార్లు మార్చి చూశాను. చివరికి అక్షరాల రూపాన్ని నిర్ణయించే టెక్స్ట్ స్టైల్ తెరిస్తే అక్కడ ఎత్తు 2.5 అని స్థిరంగా ఇచ్చి ఉంది. అక్కడ ఏదైనా అంకె ఉంటే డైమెన్షన్ స్టైల్ చెప్పేది వినిపించుకోదు. దాన్ని సున్నా చేయగానే అన్ని కొలతలూ ఒక్కసారిగా పెరిగాయి. ఈ రెండు వారాల్లో నాకు బాగా గుర్తుండిపోయిన క్షణం అదే.

తర్వాత ఒక పరీక్ష షీట్ చేసుకున్నాను. అన్ని మందాల్లో గీతలు, వాటి పక్కన 1.8 నుంచి 7 దాకా ప్రతి ఎత్తులో 3, 8, 6, 9, 5 అంకెలు. పీడీఎఫ్ చేసి ఏ1లో, ఏ3లో ప్రింట్ తీసి, ఏ3ని జిరాక్స్ కూడా తీశాను. దాని వల్ల ఇంకో లోపం దొరికింది. అడుగున 100 మిల్లీమీటర్ల గీత ఒకటి పెట్టాను, ఏ1 ప్రింట్‌లో అది 97 వచ్చింది. ప్రింట్ చేసేటప్పుడు 'ఫిట్' (కాగితంలో పట్టేలా కుదించడం) అని ఉంది, 'యాక్చువల్ సైజ్' అని ఉండాలి. ఇంకొకటి, పీడీఎఫ్ చూసే అక్రోబాట్‌లో సన్న గీతలను దళసరిగా చూపించే 'ఎన్‌హాన్స్ థిన్ లైన్స్' అనే ఆప్షన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే స్క్రీన్ మీద మందాలను పోల్చి చూడటం వృథా.

ఆ 100 మిల్లీమీటర్ల గీతను ఇప్పుడు టైటిల్ బ్లాక్ (షీట్ వివరాలు రాసే పెట్టె) పక్కన శాశ్వతంగా ఉంచాను. ఏ3 ప్రింట్ మీద అది 50 చూపిస్తే వర్క్‌షాప్ వాళ్లకు ప్రింట్ సరైనదని తెలుస్తుంది. లేయర్లు, టెక్స్ట్ స్టైల్, డైమెన్షన్ స్టైల్, ప్లాట్ సెటప్ అన్నీ డీడబ్ల్యూటీ టెంప్లేట్‌లో, అంటే కొత్త షీట్లకు మూసగా వాడే ఫైలులో, దాచాను.

దిద్దిన షీట్ పంపేముందు ఏ3 మీద ప్రింట్ తీసి, ఆ బొమ్మను ఎప్పుడూ చూడని ఒక సహోద్యోగి చేతిలో పెట్టి, రంధ్రాల కొలతలు పైకి చదవమన్నాను. "పదమూడు, నాలుగు చోట్ల" అని ఆగకుండా చదివేసింది. అప్పుడు పంపాను. ఇప్పటికీ ప్రతి షీట్‌నూ పంపేముందు ఇలాగే ఎవరో ఒకరితో చదివిస్తాను.