వాడి ఓటు, నా పెన్సిలు

“ఇది నీ ఓటు కాదమ్మా.”

మా వాడు ఈ మాట అని ఏడాది దాటింది. కోపంగా అనలేదు. డైనింగ్ టేబుల్ మీద నేను పెట్టిన కాగితాన్ని మళ్ళీ నా ముందుకు జరిపి, షూస్ వేసుకుని వెళ్ళిపోయాడు. 2024 అక్టోబరు, శనివారం పొద్దున. ముందస్తు ఓటింగ్ మొదలై నాలుగైదు రోజులైంది. సెప్టెంబరులోనే వాడికి 18 నిండాయి. మా ఇంట్లో అమెరికాలో ఓటు వేయబోతున్న మొదటి మనిషి వాడే.

ఆ కాగితం శాంపిల్ బ్యాలెట్, అసలు ఓటు కాగితానికి నమూనా. జార్జియా ఎన్నికల సైటులో వాడి వివరాలు కొట్టి నేనే ప్రింటు తీశాను. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. అధ్యక్ష పదవి నుంచి కింది దాకా ఒక్కో పేరు పక్కన పెన్సిలుతో టిక్కులు పెట్టాను. పెన్సిలే కదా, బలవంతం ఏముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. స్టేట్ సెనేట్, అంటే రాష్ట్ర ఎగువ సభకి, 48వ డిస్ట్రిక్ట్ దగ్గర మాత్రం టిక్కు రెండుసార్లు దిద్దాను. మా ఇద్దరికీ పేచీ వచ్చింది అక్కడే.

తొలిసారి ఓటు వేసే పిల్లలున్న తల్లిదండ్రులకు నాలుగు మంచి మాటలు చెబుదామని ఇది రాయడం మొదలుపెట్టాను. రిజిస్ట్రేషన్ గడువు దాటనివ్వకండి. ఫొటో ఐడీ మరిచిపోకుండా చూడండి. అధ్యక్షుడి గురించే కాదు, కింది వరసలో ఉన్న అభ్యర్థుల గురించి కూడా ఇంట్లో మాట్లాడండి. మొదటి రెండూ నేను చేశాను. మూడోదీ చేశాననే అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే, చేయలేదని తెలుస్తోంది.

జాన్స్ క్రీక్, సువానీ, కమ్మింగ్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఎంతమందో వేరే చెప్పక్కర్లేదు. 48వ డిస్ట్రిక్ట్ ఈ ప్రాంతాల మీదుగానే పోతుంది. 2020లో ఇక్కడ డెమోక్రాట్ మిషెల్ ఆవ్ గెలిచారు. తర్వాత సరిహద్దులు మార్చి గీస్తే సీటు రిపబ్లికన్ల వైపు ఒరిగింది, ఆవిడ దిగువ సభ హౌస్‌కి మారారు. 2022లో రిపబ్లికన్ షాన్ స్టిల్ గెలిచారు. స్విమ్మింగ్ పూల్స్‌కి ప్లాస్టరింగ్ చేసే కంపెనీ ఉన్న వ్యాపారి. 2020 ఎన్నికల్లో ట్రంప్ జార్జియాలో ఓడిపోయినా, ట్రంప్ తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్లం మేమేనని సంతకాలు పెట్టిన 16 మందిలో స్టిల్ ఒకరు. ఆ ఫలితాన్ని మార్చాలని చూశారంటూ 2023 ఆగస్టులో ఫుల్టన్ కౌంటీలో ట్రంప్‌తో కలిపి 19 మంది మీద పెట్టిన కేసులో ఆయన పేరూ చేరింది. తప్పు చేయలేదని కోర్టుకు చెప్పుకున్నారు. పదవి నుంచి సస్పెండ్ చేయాలా అని చూడటానికి గవర్నరు వేసిన కమిటీ అక్కర్లేదంది. 2024లో మళ్ళీ నిలబడ్డారు.

ఆయన మీద పోటీ డెమోక్రాట్ అశ్విన్ రామస్వామి. ఇక్కడే పెరిగిన తమిళుల అబ్బాయి, స్టాన్‌ఫర్డ్‌లో చదివి, ఎన్నికల సైబర్ భద్రత మీద కేంద్ర ప్రభుత్వంలో పనిచేశాడు. సెనేట్‌కి 25 ఏళ్ళు ఉండాలి, సరిగ్గా ఆ వయసుకే నిలబడ్డాడు. చిన్నప్పుడు చిన్మయ మిషన్ బాలవిహార్‌కి వెళ్ళినవాడు. నాకు ఇంతకన్నా ఏం కావాలి?

“మన అబ్బాయి నాన్నా” అన్నాను.

“మన అంటే?” అన్నాడు మా వాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ అబ్బాయి చెబుతున్నవి ఏమిటో నేను చదవలేదు. మా వాడు చదివాడు. ఇద్దరివీ చదివాడు, కేసు సంగతీ చదివాడు. నేను కేసు ఎత్తితే, “కేసు పెట్టినంత మాత్రాన దోషి అయిపోడని డాడీ ఎప్పుడూ అంటాడుగా” అన్నాడు. వాళ్ళ నాన్న ఆ మాట అనేది ఊళ్ళో మా మరిది భూమి కేసు గురించి. పిల్లలు ఎక్కడ విన్న మాట ఎక్కడ పెట్టుకుంటారో మనకి తెలియదు.

తర్వాత వాడు అన్నది నన్ను ఇప్పటికీ వదల్లేదు. “అమ్మా, నువ్వు ఇంట్లో చెప్పేవన్నీ స్టిల్ వాళ్ళ పార్టీ చెబుతున్నవే. కష్టపడి సంపాదించుకోవాలి, ఇంకొకళ్ళ సొమ్ము ఆశించకూడదు. కుటుంబం ముందు. స్కూల్లో ఏం చెబుతున్నారో అమ్మానాన్నలకి తెలియాలి. నువ్వు చెబితే సంస్కారం, వాళ్ళు చెబితే తప్పా?”

నిజమే. 2022లో గవర్నర్ కెంప్ తల్లిదండ్రుల హక్కుల చట్టం మీద సంతకం పెట్టినప్పుడు మా వంటింట్లో నేను ఎంత సంతోషపడ్డానో వాడికి గుర్తుంది. అంతకు ముందు ఏడే పాప క్లాసు పుస్తకం ఒకటి నచ్చక టీచరుకి పెద్ద మెయిలు రాసిన మనిషిని నేను. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పు ఇచ్చిన రోజు, మన వాట్సాప్ గ్రూపుల్లో చేతులు జోడించిన బొమ్మలు పెట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. పేదలకి తిండికోసం ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపుల గురించి నేను మాట్లాడే తీరు ఇక్కడ రాయడానికి కూడా ఇష్టం లేదు. డేటింగ్ వద్దు, స్లీపోవర్ వద్దు, పెద్దలు మాట్లాడుతుంటే నోరు మెదపకు. 18 ఏళ్ళు ఈ మాటలతోనే పెంచాను. ఆ మాటలు నమ్మిన పిల్లవాడు ఓటు కూడా వాటి ప్రకారమే వేస్తానంటే ఉలిక్కిపడ్డాను. ఇంటికి ఒక పద్ధతీ, బయటికి ఇంకో పద్ధతీ ఎందుకు పెట్టుకున్నానో వాడికి చెప్పలేకపోయాను.

అప్పుడు అపలాచీ ఎత్తాను. సెప్టెంబరు 4న విండర్ ఊళ్ళో అపలాచీ హైస్కూల్లో కాల్పులు జరిగి ఇద్దరు పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. కాల్చినవాడికి 14 ఏళ్ళు. మా పాప వయసే. జార్జియాలో లైసెన్సు లేకుండా తుపాకి పెట్టుకుని తిరగొచ్చని 2022లో చట్టం చేసింది ఈ పార్టీయే కదా అన్నాను. మా వాడు కాసేపు మాట్లాడలేదు. ఆ రోజు వాడి స్కూల్లో కూడా పిల్లలంతా ఫోన్లు పట్టుకుని వణికారు. తర్వాత, “అక్కడ స్కూల్లో ఉన్న పోలీసు ఎదురెళ్ళాకే వాడు లొంగిపోయాడమ్మా” అన్నాడు. తేలికగా అనలేదు, ఆలోచించే అన్నాడు. నేనే గొంతు పెంచాను.

అసలు కారణం నేను చెప్పలేదు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు.

2019లో ఈ రాష్ట్ర అసెంబ్లీ ఒక చట్టం చేసింది. కడుపులో గుండె చప్పుడు వినిపించాక, అంటే దాదాపు ఆరు వారాలకే, అబార్షన్ కుదరదు. 2022 జూలైలో అమల్లోకి వచ్చింది. స్టిల్ అప్పటికి సెనేట్‌లో లేరు, చేసింది వాళ్ళ పార్టీ. తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే మినహాయింపు ఉంది. ముప్పు అని ఏ నిమిషంలో అనుకోవాలో డాక్టరు తేల్చుకోవాలి, తప్పయితే జైలు. 2024 సెప్టెంబరులో ఆంబర్ థర్మన్ గురించి వార్త వచ్చింది. 28 ఏళ్ళ అమ్మాయి, చిన్న బాబుకి తల్లి. 2022 ఆగస్టులో ఇక్కడి ఆస్పత్రిలో ఇన్ఫెక్షన్‌తో పోయింది. గర్భసంచి శుభ్రం చేసే డి అండ్ సి గంటల తరబడి ఆలస్యమైంది. ఆపగలిగిన చావేనని రాష్ట్రం నియమించిన కమిటీయే తేల్చింది. ఆ వార్త నేను లాండ్రీ రూమ్‌లో నిలబడి చదివాను. బట్టలు మడత పెట్టకుండానే పైకి వెళ్ళి పడుకున్నాను.

2008లో నాకు కడుపు పోయింది. 17 వారాలు. ఒక సాయంత్రం ఉమ్మనీరు పోయింది. స్కానింగులో గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది. బిడ్డ నిలిచే దారి లేదనీ, ఆలస్యమైతే నాకు ఇన్ఫెక్షన్ వస్తుందనీ డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పింది. ఆ రాత్రే తీసేశారు. ఆవిడ ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది, మా ఇద్దరినీ తప్ప. మా అమ్మకి ఫోన్లో, “నిలవలేదమ్మా” అని ఒక్క ముక్క చెప్పాను. ఆవిడా ఇంకేం అడగలేదు. పిల్లలకి అసలే చెప్పలేదు. మన ఇళ్ళల్లో కొడుకు దగ్గర ఇలాంటివి మాట్లాడే తల్లి ఉంటుందా? ఇలాంటివి టీవీలో వస్తే పిల్లలు చూడకూడదని రిమోట్ దాచిన ఇల్లు మాది.

నోరు విప్పి చెప్పాల్సిన మాట మింగేసి, పెన్సిలుతో టిక్కు పెట్టాను. వాడు నా కారణాలన్నీ విని, అందులో ఒక్కటీ నాది కాదని పసిగట్టాడు.

మా తాతయ్య పోలింగు రోజు పొద్దున్నే ఇంటిల్లిపాదినీ అరుగు మీద కూర్చోబెట్టి ఎవరికి వేయాలో చెప్పేవాడట. 1983 జనవరిలో మా నాన్న ఆయన మాట కాదని ఎన్టీఆర్‌కి వేసి వచ్చి, వేశానని మొహం మీదే చెప్పాడు. ఆ సంక్రాంతికి తాతయ్య నాన్నతో మాట్లాడలేదు. ఈ కథ పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో! ప్రతిసారీ నాన్న వైపు నిలబడే చెప్పాను.

నా మొండితనానికి ఇంకో కారణం కూడా ఉంది. అది సాకు కాదు, ఉన్నది చెబుతున్నాను. నేను ఇక్కడికి వచ్చి అప్పటికి 19 ఏళ్ళు. పన్నులు కడుతున్నాం, ఇల్లు కొనుక్కున్నాం, పిల్లలు ఇక్కడే పుట్టారు. ఓటు లేదు. మా ఆయన గ్రీన్ కార్డు ఫైలు ఈబీ-2 అనే ఉద్యోగాల వరసలో 2014 తేదీతో ఉంది. ఆ నెల మనవాళ్ళకి లైను 2012 తేదీ ఉన్నవాళ్ళ దగ్గరే ఉంది. 2027లో మా వాడికి 21 నిండితే వాడే మమ్మల్ని స్పాన్సర్ చేయొచ్చు. కంపెనీ కన్నా కొడుకే ముందు ఇప్పిస్తాడేమో. నలుగురున్న ఇంటికి ఒక్క ఓటు. అది నలుగురిదీ అనుకున్నాను. వాడు మాత్రం తన పేరు మీద వచ్చింది తనదే అనుకున్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నం షర్టు మీద పీచ్ పండు స్టిక్కరుతో తిరిగి వచ్చాడు. నేనే అడిగాను. స్టిల్‌కే వేశానన్నాడు. పై పదవికి ఎవరికి వేశావని అడగలేదు, వాడూ చెప్పలేదు. ఆ రోజుల్లో మన గ్రూపుల నిండా రిపబ్లికన్ ఉపాధ్యక్ష అభ్యర్థి భార్య ఉషా వాన్స్ గారి వాళ్ళ ఊరు వడ్లూరు ఫొటోలే. అక్కడ వాళ్ళు గెలవాలని పూజలు, ఇక్కడ మా ఇంట్లో భోజనం దగ్గర మౌనం. రెండు వారాలు వాడితో అవసరమైనంతే మాట్లాడాను. మా ఆయన, “మీ తాతయ్యలా చేస్తున్నావు” అన్నాక గానీ తగ్గలేదు.

నవంబరులో స్టిల్ గెలిచారు. 2025 ఏప్రిల్‌లో హిందూఫోబియాని రాష్ట్ర చట్టంలో చేర్చాలని ఒక బిల్లు వచ్చింది. ఇద్దరు రిపబ్లికన్లు, ఇద్దరు డెమోక్రాట్లు కలిసి పెట్టారు, అందులో స్టిల్ ఒకరు. అంతకు ముందు ఆయన్ని తిట్టిన గ్రూపుల్లోనే ఆయన ఫొటోకి దండాలు పెట్టారు. నేనూ పెట్టబోయి ఆగాను. మా వాడు ఆ వార్త చూశాడు, నా దగ్గర ఎత్తలేదు. నేను వాడి స్థానంలో ఉంటే ఎత్తేదాన్ని.

ఇప్పుడు వాడు ఏథెన్స్‌లో, యూనివర్సిటీ ఆఫ్ జార్జియాలో ఉన్నాడు. 2025 థాంక్స్ గివింగ్‌కి ఇంటికి వచ్చాడు. సరిగ్గా ముందు రోజే ఫుల్టన్ కౌంటీ కేసు మొత్తం కొట్టేశారు. దాని గురించీ వాడు ఏమీ అనలేదు. ఆదివారం సాయంత్రం 316 రోడ్డు మీద వాడిని దింపడానికి బయల్దేరాం. కారు వాడే నడుపుతున్నాడు. వెనక సీట్లో గోంగూర పచ్చడి, పులిహోర డబ్బాలు. విండర్ దగ్గర అపలాచీ స్కూలు వైపు తిరిగే రోడ్డు దాటాం. ఇద్దరం అటు చూశాం.

“వచ్చే ఏడు మళ్ళీ ఎలక్షన్” అన్నాడు. “టిక్కులు పెడతావా?”

“పెట్టను. ఒకటి చెబుతాను.”

చెప్పాను. తెలుగులో మొదలుపెట్టాను. ‘కడుపు పోయింది’ అంటే వాడికి అర్థం కాలేదు. ఇంగ్లీషులో చెబితే ఎవరి గురించో చెబుతున్నట్టుంది. మళ్ళీ తెలుగులోకి వచ్చి, నీరు పోవడం, గుండె చప్పుడు, డాక్టరమ్మ కుర్చీ లాక్కోవడం అన్నీ చెప్పాను. వాడు పాట ఆపేశాడు.

“ఎన్ని వారాలు?”

“పదిహేడు.”

చాలాసేపటికి, “అప్పుడు నేనెక్కడున్నాను?” అన్నాడు.

“పక్కింటి ఆంటీ వాళ్ళింట్లో నిద్రపోతున్నావు. రెండేళ్ళు నీకు.”

ఓటు గురించి వాడు మాట్లాడలేదు. నేనూ ఎత్తలేదు. ఇది చెబితే వాడు మారతాడని చెప్పానో, మారకపోయినా తెలియాలని చెప్పానో నాకే తెలియదు. డార్మ్ ముందు డబ్బాలు అందుకుంటూ, “చెల్లికి తెలుసా?” అన్నాడు. తెలియదన్నాను. “చెప్పమ్మా” అని, డబ్బాలు కింద పెట్టి, నా భుజం మీద తల ఆనించి, లోపలికి వెళ్ళిపోయాడు.

పాపకి ఇప్పుడు 15. ఇంకా చెప్పలేదు. తెలుగు బాగానే మాట్లాడుతుంది, చదవడం రాదు. పక్క గదిలో హోంవర్క్ చేసుకుంటోంది.