చేత్తో చేసిన గిటార్, విశాఖ గాలి

గిటార్ చేయించుకునేటప్పుడు అందరూ ముందు చెక్క గురించే అడుగుతారు: పై పలక స్ప్రూసా, సెడారా, వెనక రోజ్‌వుడ్డా అని. విశాఖలో ఉండేవాళ్లు మొదట అడగాల్సింది వేరు. గాలిలో ఎంత తేమ ఉండగా చెక్కలు అతికించారు? 45 శాతం దగ్గర అతికించిన పలుచని పలక మన సముద్రపు గాలికి తేమ పీల్చి ఉబ్బుతుంది. పలక మీద తీగలు బిగించే చెక్కముక్క, అంటే బ్రిడ్జ్, పైకి లేస్తుంది, తీగలు ఎత్తవుతాయి, వేళ్లు నొప్పెడతాయి. కేసులో తేమ కొలిచే చిన్న మీటరు, తేమని అదుపులో ఉంచే ప్యాకెట్లు ఉండాల్సిందే.

చేతికొచ్చాక, శ్రుతి చేసి ఉండగానే, పొడవాటి స్టీలు స్కేలుని ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు పట్టీల) మీద ఆనించి బ్రిడ్జ్ దాకా పెట్టండి. దాని అంచు బ్రిడ్జ్ చెక్క పైభాగానికి సరిగ్గా అందాలి. బాగా కిందికి వచ్చి చెక్కకి గుద్దుకుంటే మెడ కోణం తప్పినట్టే. అది ట్రస్ రాడ్ (మెడ లోపల వంపు సరిచేసే లోహపు కడ్డీ) తిప్పితే పోయే లోపం కాదు. మెడ ఊడదీసి మళ్లీ బిగించాలి, ఖర్చు పెద్దది. అన్నిటికన్నా నేను ఈ పరీక్షనే నమ్ముతాను.

12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద సుమారు 2.5 మి.మీ., సన్న తీగ కింద 1.8 మి.మీ. ఖాళీ ఉంటే హాయిగా వాయించొచ్చు. అక్కడే హార్మోనిక్ (తీగని నొక్కకుండా తేలిగ్గా తాకి మీటితే వచ్చే స్వరం), నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో ఒకేచోట నిలవాలి. పిక్ లేకుండా వేళ్లతో మీటేవారైతే నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) వెడల్పు 44 మి.మీ.కి తగ్గకుండా అడగండి. అడ్వాన్సు ఇచ్చేముందే ఈ కొలతలన్నీ కాగితం మీద రాయించుకోండి.