తమ్ముడి వీపు మీద రెండు గీతలు

గట్టు తగాదాలో మా తమ్ముణ్ణి కొట్టిన రాత్రి దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయినాము. "బండి మీద నుంచి పడినాడని రాసుకుంటాం, పోలీసుల గొడవెందుకు?" అన్నారక్కడ. సూదేసి పంపించేసినారు. తెల్లారి తిరుపతి రుయా సర్కారు ఆసుపత్రికి పోతే ఎమ్మెల్సీ (మెడికో-లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలపాల్సిన గాయాల కేసు) అని రాసుకున్నారు, ఔట్‌పోస్టు పోలీసు వచ్చి వాడు చెప్పిందంతా రాసుకున్నాడు.

డాక్టరమ్మ చొక్కా విప్పించింది. వీపు మీద పక్కపక్కనే రెండు ఎర్రటి గీతలు, రైలు పట్టాల మాదిరి. నేను రెండు దెబ్బలనుకున్నా. "ఒకటే దెబ్బమ్మా" అనింది. కట్టె పడినచోట రక్తం పక్కలకు పోతుంది. అంచుల్లో చర్మం సాగి సన్న నాళాలు తెగుతాయి. అందుకే అంచులు కమిలి, నడుమ మామూలుగా ఉంటుంది. ఆ నడుమ జాగా కొలిస్తే కట్టె వెడల్పు సుమారుగా తెలుస్తుంది. బండి మీద నుంచి పడితే మోకాళ్ళు, మోచేతులు, అరచేతులు గీరుకుపోవాల. వాడికి అవేవీ లేవు. ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక విరిగింది. తలకు చెయ్యి అడ్డం పెడితే దెబ్బ పడేది అక్కడే. ఎముక విరిగితే చట్టం ప్రకారం తీవ్రగాయం.

తొడ మీద ఇంకో మచ్చ ఉంది, పసుపు రంగులో. "అదీ రాయండి మేడం" అని బతిమాలినా. "కమిలినచోట పసుపు తేలాలంటే తక్కువలో తక్కువ 18 గంటలు పట్టాల. కొట్టి 14 గంటలేగా అయింది?" అనింది. తమ్ముణ్ణి అడిగితే, ముందు వారం ట్రాక్టరు తగిలిందన్నాడు. పాతదని విడిగా రాసింది. ఆ పొద్దు నాకు కోపమొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆ ఒక్కటి తప్పు రాసుంటే, అవతలి వకీలు మిగతా గాయాలన్నీ కొట్టిపారేసేవాడు.

రెండ్రోజులాగి మళ్ళీ రమ్మనింది. లోపలి దెబ్బలు ఆలస్యంగా పైకి తేలతాయంట. నిజమే, భుజం మీద ఇంకో జత కనబడింది. వాటికీ స్కేలు పక్కన పెట్టి ఫోటోలు తీసినారు.

పోలీసులు పట్టిన కట్టెను చూసి ఆమె "ఇలాంటి కట్టెతో తగిలి ఉండవచ్చు" అని రాసిందే గానీ, "ఇదే కట్టె" అనలేదు. అంతే మందమున్న ఏ కట్టెతో కొట్టినా అవే గీతలు పడతాయి మరి.

మేము కోర్టు మెట్లెక్కేనాటికి వాడి వీపు మీద ఏమీ మిగల్లేదు. మిగిలింది ఆ ఫోటోలు, వాటి పక్కన సెంటీమీటర్ల స్కేలు.