పంటల ఫిజియాలజీ: తిరుపతిలో ఉండి నేను చదివిన తీరు

హార్టికల్చర్ ఆఫీసర్, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) పరీక్షలకు ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్లలో, చెల్లెళ్లలో చాలామందికి ఫిజియాలజీ, అంటే మొక్క లోపల జరిగే పనుల గురించిన సబ్జెక్టు, అనగానే టెన్షన్. అందులోనూ వాతావరణం, ఒత్తిడి మొక్క మీద ఎలా పనిచేస్తాయనే చాప్టర్ అంటే మరీ భయం. నాకు మాత్రం సబ్జెక్టు మొత్తంలో ఎక్కువ ఇష్టమైనది ఇదే, ఎక్కువ పనికొచ్చిందీ ఇదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

బిట్ బ్యాంకుల్లో ఈ చాప్టర్ అంతా జంటలుగా ఉంటుంది: ఒక లక్షణం, దానికి కారణమైన పోషక లోపం. టమాటా కాయ అడుగు కుళ్లుకు కాల్షియం, కాలీఫ్లవర్ ఆకు సన్నబడి కొరడాలా మారే విప్‌టెయిల్‌కు మాలిబ్డినం, కాలీఫ్లవర్ పువ్వు గోధుమ రంగుకు తిరగడానికి బోరాన్. ఇవి బట్టీ పట్టాల్సిందే, తప్పదు. కానీ వాక్యం, కారణం ఇచ్చి రెండూ సరైనవేనా అని అడిగితే బట్టీ అక్కడ ఆగిపోతుంది. ‘నేలలో కాల్షియం సరిపడా ఉన్నా అడుగు కుళ్లు రావచ్చు’ అన్న వాక్యాన్నే తీసుకోండి. కాల్షియం నీటితో పాటు జైలమ్‌లో (వేరు నుంచి నీటిని పైకి మోసే నాళాల్లో) పైకి పోతుంది. నీరు ఎక్కువగా ఆవిరయ్యేది ఆకుల నుంచి. టమాటా కాయ తొక్క మీద స్టొమాటా (నీటి ఆవిరి, గాలి వచ్చిపోయే సన్నని రంధ్రాలు) ఉండవు కాబట్టి కాయ లాక్కునే నీరు తక్కువ, దాంతో వచ్చే కాల్షియమూ తక్కువ. ఒకసారి ఆకులో చేరింది ఫ్లోయమ్ (ఆకులో తయారైన ఆహారాన్ని మోసే నాళాలు) గుండా మళ్లీ కాయకు వచ్చేదీ దాదాపు ఉండదు. నాలుగు రోజులు బెట్ట పెట్టి ఒక్కసారిగా నీళ్లు వదిలితే దెబ్బ తగిలేది కాయ కొనకే. కూరగాయల బండి దగ్గర పక్కకు తీసి పడేసిన టమాటాలు ఉంటే తిప్పి చూడండి. తొడిమ వైపు శుభ్రంగా ఉంటుంది, పూత రాలిన కొనలో మాత్రం నల్లటి మచ్చ తోలులా అణిగి ఉంటుంది. ఈ ఒక్క కారణం అర్థమైతే ఆపిల్‌లో కాయ మీద చేదు మచ్చలు పడే బిట్టర్ పిట్, లెట్యూస్‌లో ఆకు అంచులు మాడటం విడిగా చదవక్కర్లేదు.

నేను ప్రతి పంటకూ అడుక్కున్న ప్రశ్న ఇదే: ఏ ఒత్తిడి, ఏ దశలో, మొక్కలో ఏ పనిని ఆపుతోంది?

చిత్తూరు, తిరుపతి వాళ్లకు ఈ ప్రశ్నకు జవాబులు ఊరి చుట్టూనే ఉన్నాయి. ముందు మామిడి. జనవరిలో బంగారుపాళ్యం వైపు వెళ్తే ఒకే తోటలో, ఒక్కోసారి ఒకే చెట్టు మీద, ఒక కొమ్మ నిండా పూత, పక్క కొమ్మకు రాగి రంగు లేత చిగురు కనిపిస్తాయి. పూత రావాలంటే రెమ్మ ముదరాలి, ఎదుగుదల ఆగి విశ్రాంతిలో ఉండాలి, దానికి తోడు రాత్రి చలి గానీ బెట్ట గానీ తగలాలి. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. అవి చివరిదాకా సాగితే నేలలో తేమ ఆరదు, చెట్టు చిగురు వేస్తుంది, పూత వెనకబడుతుంది. చిగురును తోసేది జిబ్బరెల్లిన్ అనే హార్మోన్. చెట్టు పాదులో పోసే పాక్లోబ్యుట్రజోల్ అనే మందు ఆ జిబ్బరెల్లిన్ తయారీనే అడ్డుకుంటుంది. పొటాషియం నైట్రేట్ పిచికారీ పని వేరు, అప్పటికే ముదిరి సిద్ధంగా ఉన్న రెమ్మలో మొగ్గను కదిలిస్తుంది. ఈ రెండింటినీ కలిపి తికమక పెట్టే ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి. తోతాపురి, నీలం ఏటా కాస్తాయి, దశేరి, లంగ్రా ఏడాది విడిచి ఏడాది. ఇది కూడా గుర్తుంచుకోండి.

చీనీ, నిమ్మ తోటల్లో రైతు కావాలనే ఒత్తిడి పెడతాడు. అంబే బహార్ అనే పూత కోసం డిసెంబరులో నీళ్లు ఆపి చెట్లను వాడబెట్టి, తర్వాత ఎరువు వేసి తడి ఇస్తే జనవరి, ఫిబ్రవరిలో పూత వస్తుంది. తేలిక నేలలో తక్కువ రోజులు, బరువు నేలలో ఎక్కువ రోజులు ఆపాలి. ఇది రైతును అడిగితే పుస్తకం కంటే బాగా చెబుతాడు.

బెట్ట చాప్టర్‌ను నేను గొలుసులా రాసుకున్నాను. వేరు దగ్గర తేమ తగ్గితే ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరుగుతుంది, స్టొమాటా చుట్టూ ఉండే గార్డ్ కణాల నుంచి పొటాషియం బయటికి పోతుంది, స్టొమాటా మూసుకుంటాయి, కార్బన్ డయాక్సైడ్ అందక కిరణజన్య సంయోగక్రియ పడిపోతుంది, ఆకు వేడెక్కుతుంది, కణాల్లో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం పోగవుతుంది. ఉప్పు నేలలకూ ఇదే గొలుసు, దానికి సోడియం, క్లోరైడ్ విషప్రభావం కలపండి చాలు.

నీళ్లు ఎక్కువైతే కథ మారుతుంది. 2021 నవంబరు వరదలు మన జిల్లావాళ్లెవరూ మరిచిపోరు. నీళ్లు నిలిచిన చేలో టమాటా ఆకులు కిందికి వంగి వేలాడతాయి. వేర్లకు ఆక్సిజన్ లేదు కాబట్టి అక్కడ తయారైన ఏసీసీ అనే పదార్థం ఇథిలిన్ అనే వాయు హార్మోన్‌గా మారలేదు. ఆ చివరి మెట్టుకు ఆక్సిజన్ కావాలి. అందుకని ఏసీసీ కాండం ఎక్కి ఆకుల్లో ఇథిలిన్ అవుతుంది, ఆకు కాడ పైభాగం ఎక్కువ పెరిగి ఆకు వంగుతుంది. దెబ్బ వేరులో, లక్షణం ఆకులో. నాకు ఈ చాప్టర్ మీద ప్రేమ పుట్టించింది ఇదే. బొప్పాయి అయితే నీళ్లు నిలిస్తే రెండు మూడు రోజులు కూడా తట్టుకోలేదు.

అంకెలు మాత్రం ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నాను. టమాటాలో కాయ నిలవడానికి రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీలు. సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉన్న మదనపల్లెలో ఎండాకాలంలోనూ టమాటా పండటానికి, కింద తిరుపతిలో కష్టపడటానికి తేడా ఇక్కడే ఉంది. 30 డిగ్రీలు దాటితే ఎరుపు రంగునిచ్చే లైకోపీన్ తయారీ పడిపోయి కాయ పసుపుగా తేలుతుంది. బంగాళదుంపకు 20 దగ్గర దుంప బాగా ఊరుతుంది, 30 దగ్గర ఆగిపోతుంది. మామిడి, అరటి నిల్వలో 13 కంటే తగ్గితే చలి దెబ్బ, ఫ్రిజ్‌లో పెట్టిన అరటిపండు తొక్క నల్లబడేది అందుకే. జేఆర్‌ఎఫ్‌లో ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. కారణం తెలిసిన ప్రశ్నలకు ధైర్యంగా పెట్టండి, అంకె మీద అనుమానం ఉంటే రెండు ఆప్షన్లైనా కొట్టేయగలిగినప్పుడే పెట్టండి.