ఏడు కిలోల్లో ఎవరి వాటా ఎంత

కెమెరా బ్యాగు కొనాలని రివ్యూ వీడియోలు చూస్తున్నాను. ఒకడు పార్సిల్ విప్పిన రోజే వీడియో తీసి, "పదేళ్ల దాకా చూసుకోనక్కర్లేదు ఫ్రెండ్స్" అంటాడు. అట్టపెట్టె ఇంకా పక్కనే ఉంది. సిలికా జెల్ ప్యాకెట్ బల్ల మీద అలాగే కనిపిస్తోంది. పదేళ్ల సంగతి వీడికెవరు చెప్పారు? అన్నాలయ్యాక మొదలుపెట్టి ఇలాంటివి వరుసపెట్టి చూశాను, ఇప్పుడు చిరాకుతో నిద్ర పట్టడం లేదు.

అందరూ చూపించేది ఒక్కటే. పైన నీళ్లు పోయడం, జిప్పు బర్రున లాగడం, తర్వాత ఏదో కేఫ్‌లో కూర్చుని ఒక కెమెరా, ఒక చిన్న లెన్సు పెట్టి "ఎంత స్పేస్ ఉందో చూడండి" అనడం. భుజం బెల్టు బ్యాగుకు ఎక్కడ కలుస్తుందో ఒక్కడూ దగ్గరగా చూపించడు. బరువంతా మోసేది ఆ రెండంగుళాలే.

పటాన్ ప్రయాణం ఖాయమైంది. శంషాబాద్ నుంచి అహ్మదాబాద్ దాకా విమానం, అక్కణ్నుంచి కారు. రాణీ కీ వావ్ గురించి ఇక్కడ మళ్లీ మొదలుపెడితే మీరు పారిపోతారు, ఊదారంగు వంద నోటు వెనక బొమ్మ అదేనని ఇప్పటికే అందరినీ విసిగించాను. పదకొండో శతాబ్దంలో ఉదయమతి రాణి తన భర్త భీముడి జ్ఞాపకంగా కట్టించిన మెట్లబావి అది, కిందికి ఏడంతస్తులు. 2014లో యునెస్కో జాబితాకెక్కింది. మన రామప్ప 2021లో ఎక్కింది. అత్తమ్మకు మాత్రం పటాన్ అంటే చీరలే. "పటోలా చీరలు ఆడియేనట కదనే, నాకొకటి పట్టుకరా" అంది. అసలు పటోలా లక్షల్లో పలుకుతుందని ఇంకా చెప్పలేదు. నేను ఊరెళ్తే మా చిన్నదాన్ని చూసుకోవాల్సింది ఆవిడే మరి.

పాత బ్యాగుతో వెళ్లలేను. బయటికి బాగానే ఉంది, లోపల పూత పొట్టు పొట్టుగా రాలుతోంది. నిన్న లెన్సు బయటికి తీస్తే వెనక మూతకు నల్లటి పొట్టు అంటుకుని ఉంది, ముట్టుకుంటే కొంచెం జిగట కూడా. నీళ్లు దిగకుండా బట్టకు లోపలి వైపు వేసే పాలీయూరిథేన్ పూత అది. గాలిలో తేమకు మెల్లగా విడిపోతుంది, మనం వాడినా వాడకపోయినా. వానాకాలమంతా బీరువాలో భద్రంగా మూసిపెడితే ఇంకా త్వరగా పోతుంది. "అరుదుగా వాడాను, కొత్తదానిలా ఉంది" అని పాత బ్యాగులు అమ్మేవాళ్లను అందుకే నమ్మను. అరల మధ్య స్పాంజి కూడా అంతే. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. వీడియోలవాడి పదేళ్లలో ఇవేవీ లేవు, వాడి లెక్కంతా డెనియర్లలోనే.

ఆ డెనియర్ లెక్క కూడా చూశాను. తొమ్మిది వేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంటే 1680 డెనియర్ నైలాన్‌లో తొమ్మిది కిలోమీటర్ల పోగు కిలో ఆరువందల ఎనభై గ్రాములు. అంకె పెద్దదైతే బ్యాగు గట్టిదని అమ్మేవాళ్లు చెప్పే మాట. పక్కింటి అన్నకు పాత బ్యాగు చూపించాను. ఆయన పుట్టింది వరంగల్ కొత్తవాడలో, ఇంట్లో తరతరాలుగా జంపఖానాలు నేస్తారు. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినవి అవే. నేత తెలిసినవాడు కదా, బట్ట పట్టుకుని ఏదో చెప్తాడనుకున్నాను. బట్ట వైపు చూడనే లేదు. బ్యాగును తిరగేసి బెల్టు మొదట్లో వేలు పెట్టాడు. "గీడ చుట్టూ నలుచదరంగ కుట్టి నడుమ ఇంటూ గుర్తు ఏసిండ్రా లేదా చూడాలె చెల్లె. బట్ట చినగదు, కుట్టు ఊడుతది" అన్నాడు. మా పాత బ్యాగుకు ఇంటూ ఉంది. ఒక వైపే ఉంది. రెండో వైపు ఒట్టి గీత కుట్టు. ఇన్నాళ్లూ ఆ వైపు ఎలా ఆగిందో!

మా ఆయన పాట ఆయనది. "బ్యాక్‌ప్యాక్ తీసుకోరాదు, భుజం నొప్పన్నా ఉండది" అని. నాకు వద్దు. రామప్ప మండపంలో స్తంభాల మధ్య బ్యాక్‌ప్యాక్‌లు వేసుకుని తిరిగేవాళ్లను చూడండి. ముందున్న శిల్పం మీదే కళ్లుంటాయి, వెనక సంచి బకిల్ స్తంభాన్ని గీరుకుంటూ పోతుంది. ఎనిమిది వందల ఏళ్లనాటి నునుపు అది. పైగా లెన్సు మార్చాలంటే దించాలి, నేల మీద పెట్టాలి, మోకాళ్ల మీద కూర్చోవాలి. చూరు కింది మదనికల శిల్పాలకు పెద్ద లెన్సు, లోపలి స్తంభాలకు వెడల్పు లెన్సు, అక్కడ నిమిషానికోసారి మార్చుడే. భుజం బ్యాగయితే పొట్ట మీదికి లాక్కుంటే సరిపోతుంది.

జనంలో కూడా అంతే. బస్సులో ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ పైన వేసుకుంటే దానికేం కాదు. అని అనుకునేదాన్ని, 2024లో మేడారం వెళ్లేదాకా.

హన్మకొండలో జాతర స్పెషల్ బస్సు ఎక్కాను, కిటికీ సీటు దొరికింది. పక్కన ఒక పెద్దమ్మ. ఒళ్లో మనవడు, కాళ్ల దగ్గర కోళ్ల గంప, చేతిలో తువ్వాలలో మూటగట్టిన బంగారం. (బయటి ఊళ్ల వాళ్లకు: మేడారంలో బెల్లాన్నే బంగారం అంటాం.) ములుగు దాటేదాకా మూట ఆమె దగ్గరే ఉంది. తర్వాత మనవడు నిద్రపోయాడు. "జర పట్టుకో బిడ్డా" అని మూట తీసి నా కెమెరా బ్యాగు మీద పెట్టింది. కాదని ఎట్లా అంటాం, అమ్మవార్ల బంగారమాయె! తాడ్వాయి అడవిలో బస్సు ఆగింది, మళ్లీ కదిలింది, మళ్లీ ఆగింది. ముందు వెనక అన్నీ బండ్లే. ఎండ నేరుగా నా ఒళ్లో పడుతోంది. కోడలి కాన్పు సంగతి, మొక్కు సంగతి, కొడుకు నిలువెత్తు బంగారం తూయించిన సంగతి, మిగతా బెల్లం అంతా వెనక ట్రాక్టర్‌లో వస్తున్న సంగతి, అన్నీ చెప్పింది. నేను వింటూనే ఉన్నాను, కింద బెల్లం కరుగుతూనే ఉంది. తువ్వాల తడిసింది. పసుపు, కుంకుమ కలిసిన పాకం మూత అంచు నుంచి మెల్లగా వెల్‌క్రోలోకి దిగింది.

నేను చూసి "అయ్యో పెద్దమ్మా" అన్నాను. ఆమె చూసి నవ్వింది. "అమ్మల బంగారం అంటినంక నీ కెమెరాకు ఏం గాదు తియ్" అని, ఆ పాకంలోంచే ఒక ముక్క విరిచి నా నోట్లో పెట్టింది. మనవడి బుగ్గ మీద కిటికీ ఊచల నీడ, ఆమె నుదుటి మీద చేతివేళ్లంత బొట్టు, గంపలోంచి బయటికి చూస్తున్న కోడి. ఆ రోజు మొత్తంలో తీయాల్సిన ఫొటో అదే. కెమెరా తీద్దామంటే ఒళ్లో బంగారం! జంపన్న వాగు దగ్గర, గద్దెల దగ్గర చాలా తీశాను, అవన్నీ ఎవరైనా తీసే ఫొటోలే.

ఇంటికొచ్చిన మర్నాడు బ్యాగు నిండా చీమలు. వెల్‌క్రో పళ్లలో బెల్లం గట్టిపడి కూర్చుంది. వేణ్నీళ్లు, పాత టూత్‌బ్రష్ పెట్టి రెండు మూడుసార్లు తోమాను. బెల్లం పోయింది, వెల్‌క్రో పట్టు కూడా పోయింది. జిప్పు సందుల్లో మేడారం ఎర్రదుమ్ము ఎన్నాళ్లుందో! ఆ దుమ్ముకే రన్నర్ అరిగి జిప్పు మూసుకోవడం మానేసింది. చౌరస్తా దగ్గర కూర్చునే అతను రన్నర్ ఒక్కటే మార్చి ఇచ్చాడు, జిప్పు పళ్లకు ఏమీ కాలేదన్నాడు. అందుకే కొత్తదానికి వెల్‌క్రో మూత అసలొద్దు, బకిలే కావాలి. గుళ్లో పూజారి మంత్రం చదువుతుంటే వెల్‌క్రో ఊడదీసిన చప్పుడు పాత చీర చించినట్టు వినిపిస్తుంది, అదో బాధ.

ఇక ఈ సాయంత్రం దుకాణం. ఊరు చెప్పను, పేరు చెప్పను. కెమెరా బ్యాగు చూపించమంటే నన్ను చూసి హ్యాండ్‌బ్యాగుల అర వైపు చెయ్యి చూపించాడు. కెమెరాది బాబూ అంటే, "సార్‌ను తీసుకురండి మేడం, సార్‌కు ఏ మోడల్ కావాల్నో చూసి ఇస్తం" అన్నాడు. కెమెరా నాది, డబ్బులు నావి, మోసే భుజం కూడా నాదే. సార్‌కు ఫోన్‌లో కూడా తలలు తెగ్గొట్టి తీయడమే వచ్చు. సరే అని ఊరుకుని ఒకటి తీయించాను. సీసా మూతలో నీళ్లు పోసి బ్యాగు మీద ఒలికించి, "చూడండి, వాటర్‌ప్రూఫ్" అన్నాడు. బొట్లు జారిపోయాయి, నిజమే. జిప్పు మీద పొయ్యి అన్నాను. నవ్వాడు, "జిప్పు మీద ఎవరన్నా పోస్తరా మేడం" అని. వానేమన్నా జిప్పును తప్పించి కురుస్తుందా? తిరగేసి బెల్టు మొదలు చూశాను. ఇంటూ లేదు. ఎందుకు వద్దంటున్నానో చెప్తుంటే అతను వేరే గిరాకీ వైపు తిరిగాడు. నాలుగు వేలు పెట్టి కొనడానికి వెళ్లి ఆ మొహం చూసి రావడం అవసరమా?

కోపంలో ఇంటికొచ్చి మొన్నటి నుంచి చూస్తున్న కాన్వాస్ బ్యాగు పేజీ తెరిచాను. మైనం పట్టించిన దళసరి కాన్వాస్, ఇత్తడి బకిళ్లు, తోలు పట్టీలు. ఇదే కొనేస్తా, ఎంతైనా సరే అని సగం డబ్బులు కట్టినంత పని చేశాను. అప్పుడు కింద బరువు కనిపించింది. ఖాళీ బ్యాగే కిలో తొమ్మిది వందల గ్రాములు.

దేశంలో ఎకానమీ టికెట్‌కు చేతిసంచి ఒకటి, ఏడు కిలోలు. కాగితం తీసుకుని గ్రాముల్లో లెక్క రాశాను. నా కెమెరా డీ750 బ్యాటరీతో 840. ఇరవైనాలుగు-నూటఇరవై లెన్సు 710. వెడల్పు లెన్సు, పదహారు-ముప్పైఐదు, 680. పెద్ద లెన్సు, డెబ్బై-రెండొందలు, 1540. ల్యాప్‌టాప్, దాని చార్జర్ 1700. బ్యాటరీలు, కార్డులు, చిల్లరమల్లర పావుకిలో. కాన్వాస్ బ్యాగుతో ఏడు కిలోల ఆరువందల ఇరవై. లెన్సులు కింద లగేజీలో వేసే ధైర్యం లేదు. విడి లిథియం బ్యాటరీలు ఎలాగూ అందులో వేయనివ్వరు, చేతిలోనే ఉండాలి. ల్యాప్‌టాప్ విడిగా పట్టుకుంటే కొన్ని కౌంటర్లలో ఏమీ అనరు, కొన్నిట్లో అంటారు. "కెమెరా మెడల ఏసుకో, తూకంల రాదు" అని ఈయన సలహా. ఇలాంటివి బాగా తెలుసు.

ఏదో ఒకటి వదలాలి. పెద్ద లెన్సు వదిలితే బావి అవతలి గోడ మీది శిల్పాలకు ఏం పెట్టి తీయను? ల్యాప్‌టాప్ వదలొచ్చు, కార్డులు ఎక్కువ తీసుకుంటే చాలు. అప్పుడు కాన్వాస్‌తో కూడా ఆరు కిలోల లోపే. సమస్య తీరిందనుకుని, ఎందుకైనా మంచిదని పాత బ్యాగులో బియ్యం, కందిపప్పు ప్యాకెట్లు తూచి ఆరు కిలోలు నింపి హాల్లో నడవడం మొదలుపెట్టాను. కాసేపటికే ఎడమ భుజం ఎముక మీద బెల్టు దిగబడింది. కుడికి మార్చాను. మంచినీళ్లకు లేచిన అత్తమ్మ గుమ్మంలో నిలబడి, "గీ రాత్రి బియ్యం ఎత్తుకొని ఎటు పోతున్నవే" అంది.

అంతే, కాన్వాస్ మోజు అక్కడ సగం పోయింది. ఎంత గట్టి బట్టయితే అంత బరువు, ఆ బరువు మోసేది నేనే. జిప్పు పోతే రన్నర్ మార్చేవాడున్నాడు, కుట్టు ఊడితే మళ్లీ వేసేవాడున్నాడు. పూత రాలితే మాత్రం ఎవరూ ఏం చేయలేరు, కాబట్టి లోపలి అరలు మొత్తం బయటికి వచ్చేదే కావాలి, ఎండలో ఆరబెట్టుకోవడానికి. నైలాన్‌లో అలాంటిది ఒకటి దొరికింది. ఖాళీది కిలో వంద గ్రాములు, మూతకు బకిళ్లే. దానితో అయితే ల్యాప్‌టాప్‌తో సహా ఆరు కిలోల ఎనిమిదివందల ఇరవై. ల్యాప్‌టాప్ వద్దనుకున్నాను కదా, వద్దు. ఆ బరువు తగ్గితే నా భుజానికే మంచిది. అందం లేదు, బూడిద రంగు. కాన్వాస్ పేజీ ఇంకా మూయలేదు, ఊరికే, చూడ్డానికి.

నైలాన్‌దే ఆర్డర్ పెట్టాను. బుధవారం వస్తుందట. రాగానే తిరగేసి చూస్తాను, బెల్టుకు రెండు వైపులా ఇంటూ ఉంటే ఉంచుకుంటాను, లేకపోతే ఆ రోజే వెనక్కి పంపేస్తాను.