ఘాట్ మీద ఆటోమేటిక్ పికప్: గేరు మారే తీరును దారికి తెచ్చుకోవడం

సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కేవాళ్ల దగ్గర ఆటోమేటిక్ పికప్ మీద వినిపించే ఫిర్యాదు దాదాపు ఒకటే. బండి నాలుగో గేరులో ఎక్కుతుంటుంది. కాలు కాస్త సడలిస్తే ఐదులో పడుతుంది, ముక్కుతుంది, మళ్లీ నాలుగుకి దిగుతుంది. ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో (ఆర్‌పీఎం) చూపే మీటరులో ముల్లు 1,100కీ 1,600కీ మధ్య ఊగుతూనే ఉంటుంది. పొట్టంగి వచ్చేసరికి ‘గేర్ బాక్స్ పోయిందేమో’ అని డ్రైవరుకి భయం పట్టుకుంటుంది. పోయేది చాలా అరుదు. గేర్లు మార్చే కంప్యూటరు వేసుకున్న లెక్కకీ, వెనక వేసిన బరువుకీ పొంతన కుదరకపోవడమే ఎక్కువసార్లు అసలు సంగతి.

ఒడిశాలోని మన జయపురం, కొరాపుట్ వైపు సంతలకు తిరిగే పికప్పుల్లో చేత్తో గేరు వేసేవే ఎక్కువ. ఆటోమేటిక్ అంటే టొయోటా హైలక్స్, ఇసుజు వీ-క్రాస్. రెండింట్లోనూ ఉన్నది టార్క్ కన్వర్టరుతో (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్ బాక్స్‌కి అందించే భాగంతో) పనిచేసే ఆరు గేర్ల బాక్సే. అంకెలు తెలిస్తే మిగతాది తేలిక కాబట్టి హైలక్స్ లెక్క ఒకసారి వేద్దాం.

హైలక్స్ ఆటోమేటిక్ 500 ఎన్ఎం టార్క్ (ఇంజన్ తిప్పే బలం) ఇచ్చేది 1,600 నుంచి 2,800 ఆర్‌పీఎం మధ్యన. నాలుగో గేరు నిష్పత్తి 1, ఐదోది 0.687, ఆరోది 0.58. వెనక ఇరుసు నిష్పత్తి 3.909, టైరు 265/60 ఆర్18 అనుకుంటే, టార్క్ కన్వర్టరు లాకప్‌లో (జారుడు లేకుండా నేరుగా బిగిసి) ఉండగా గంటకు 60 కిలోమీటర్ల దగ్గర నాలుగో గేరులో సుమారు 1,600, ఐదులో 1,100, ఆరులో 930 ఆర్‌పీఎం వస్తాయి. అంటే 60లో ఐదో గేరు పడగానే ఇంజన్ తన బలమైన చోటు నుంచి కిందికి జారిపోతుంది. చదును మీద ఖాళీ బండికి అది డీజిల్ ఆదా. అదే వెనక అల్లం బస్తాలు గానీ సిమెంటు గానీ ఉండి రోడ్డు పైకి లేస్తుంటే ఐదో గేరు నిలబడలేదు. కిందికి దిగుతుంది, బలం రాగానే కాలు సడలుతుంది, మళ్లీ పైకి పోతుంది. మీరు చూస్తున్న ఊగులాట ఇదే.

దీనికి మందు లివరు పక్కనే ఉంది, స్కానరు దాకా పోనక్కర్లేదు. డి (డ్రైవ్) నుంచి లివరును పక్కనున్న ఎస్ గేటులోకి తోసి, మైనస్ వైపు లాగి 4 కనిపించేలా పెట్టండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. టొయోటా ఎస్‌లో 4 అంటే ‘నాలుగో గేరులోనే ఉండు’ అని కాదు, ‘నాలుగు దాటి పైకి పోకు’ అని. ఒకటి నుంచి నాలుగు దాకా బండి తనంతట తానే మార్చుకుంటుంది. కొన్ని పికప్పుల్లో మాన్యువల్ గేటు మాత్రం వేసిన గేరునే పట్టుకుని ఉంటుంది. మీ బండి ఏ రకమో తేలాలంటే ఖాళీ రోడ్డు మీద 4లో పెట్టి మెల్లగా 20కి దించండి. అంకె 4 దగ్గరే ఉండి ఇంజన్ మాత్రం కింది గేరు అందుకుంటే అది హద్దు పెట్టే రకం. అంకె కూడా 3, 2 అని దిగుతూ వస్తే అది గేరు పట్టే రకం.

సెమిలిగుడా, పొట్టంగి మధ్య సాగే రోడ్డు మీద 4 సరిపోతుంది. సుంకి దగ్గర ఎక్కుడు మొదలయ్యాక 40 స్పీడులో నాలుగో గేరు 1,070 ఆర్‌పీఎం మాత్రమే ఇస్తుంది, మూడోది 1,590 ఇస్తుంది. కాబట్టి అక్కడ 3. హెయిర్‌పిన్ వంపుకి ముందే, బ్రేకు వేస్తున్నప్పుడే 2 చేసేయండి. వంపు మధ్యలో యాక్సిలరేటర్ తొక్కి కిక్‌డౌన్ కోసం (బండే కింది గేరు వేసుకోవడం కోసం) కాచుకుంటే బండి ఒక క్షణం ఆగి, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. తడి రోడ్డు మీద వెనక చక్రం జారేది అప్పుడే. వీ-క్రాస్‌కి పూర్తి టార్క్, అంటే 360 ఎన్ఎం, 2,000 నుంచి 2,500 మధ్యలోనే దొరుకుతుంది. దాని హద్దు ఇరుకు కాబట్టి ముల్లు 2,000 కిందికి పోకుండా చూసుకోండి.

దిగేటప్పుడు ఇదే పద్ధతి మరీ ముఖ్యం. హైలక్స్‌లో 40 స్పీడు దగ్గర రెండో గేరు 2,240 దాకా తిప్పుతుంది, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. స్పీడు మరీ ఎక్కువగా ఉంటే కింది గేరు అడిగినా ఇవ్వదు, బీప్‌మని ఊరుకుంటుంది. ముందు బ్రేకుతో స్పీడు తగ్గించి మళ్లీ అడగాలి. తారు రోడ్డు మీద ఇంజన్ బ్రేకింగ్ కోసమని ఫోర్ వీల్ వేయకండి. ఇవి పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ బళ్లు, పొడి తారు మీద వంపు తిరిగితే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య మెలి పడుతుంది. పొలం దారిలో, బురద ఏటవాలులో మాత్రం 4ఎల్‌కి (ఫోర్ వీల్ లో-రేంజ్‌కి) సాటి లేదు.

ఈకో, పవర్ బటన్లు ప్రధానంగా మార్చేది యాక్సిలరేటర్ స్పందనను. ఈకోలో సగం తొక్కితే ఇంజన్‌కి అందేది సగం కన్నా తక్కువ. అందుకే ఘాట్ మీద ఈకో ఆపేయాలి. బయట అమ్మే త్రాటిల్ కంట్రోలర్ డబ్బా చేసేదీ ఇలాంటి పనే. పెడల్ నుంచి వెళ్లే సిగ్నల్‌ను పెంచి చూపిస్తుంది. మీరు గట్టిగా తొక్కారనుకుని కంప్యూటరు గేరు ఆలస్యంగా మారుస్తుంది. గేర్ బాక్స్‌లో ఏదీ మారదు. పవర్ బటన్ ఉన్న బండికి ఆ డబ్బా కొనడం, నా లెక్కలో, డబ్బు దండగ.

పెద్ద టైర్లు కూడా గేరు తీరును చెడగొడతాయి. 265/60 ఆర్18 తీసి 285/70 ఆర్17 వేస్తే చక్రం ఎత్తు 7 శాతం పెరుగుతుంది, రోడ్డు మీద పడే లాగుడు దాదాపు అంతే తగ్గుతుంది. అప్పటిదాకా 60లో నాలుగును నిలబెట్టిన బండి మూడు కోసం వెతుక్కుంటుంది. స్పీడోమీటరు కూడా అసలు స్పీడు కన్నా తక్కువ చూపిస్తుంది.

ఇక చలి. డిసెంబరులో సెమిలిగుడాలో తెల్లవారుజామున బండి తీస్తే మొదటి కొన్ని కిలోమీటర్లు పై గేరు పడదు, లాకప్ రాదు, ఇంజన్ గోల చేస్తుంది. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్) వేడెక్కేదాకా కంప్యూటరు కావాలని ఆపే పని అది. వేడెక్కాక కూడా అలాగే ఉంటే అప్పుడు అనుమానించాలి.

అసలు జబ్బుల్లో తరచుగా వచ్చేది వణుకు. 50 నుంచి 70 స్పీడులో, లేత యాక్సిలరేటర్ మీద, గరుకు చారల మీద వెళ్తున్నట్టు బండి దడదడలాడుతుంది. పరీక్ష ఇలా: వెనక వాహనం లేని తిన్నటి రోడ్డు మీద యాక్సిలరేటర్ కదపకుండా, ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ను వెనక బ్రేకు దీపం వెలిగేంత మాత్రమే ఆనించండి. లాకప్ వదులుతుంది. వణుకు వెంటనే ఆగిపోతే అనుమానం లాకప్ క్లచ్ మీదికీ, పాతబడ్డ ఏటీఎఫ్ మీదికీ పోవాలి. ఆగకపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్, టైర్లు, ఇంజన్ మౌంట్లు చూడండి.

ఏటీఎఫ్ జీవితాంతం మార్చక్కర్లేదనే మాటను ఘాట్ మీద బరువు మోసే బండి విషయంలో నమ్మకండి. 60 వేల కిలోమీటర్లకొకసారి మార్చడం మేలని నా అభిప్రాయం. హైలక్స్‌కి టొయోటా డబ్ల్యూఎస్, మిగతా వాటికి బండి పుస్తకంలో రాసిందే. ‘అన్నింటికీ పనికొస్తుంది’ అని రాసిన డబ్బా వద్దు. డ్రెయిన్ బోల్టు తీస్తే కొంత ఆయిలే దిగుతుంది, మిగతాది టార్క్ కన్వర్టరులోనే ఉండిపోతుంది. అందుకని దిగినంత కొలిచి అంతే పోసి, కొన్ని రోజులు తిప్పి మళ్లీ ఒకసారి అలాగే చేయాలి. లెవెల్ చూసేందుకు హైలక్స్‌లో గేజు పుల్ల లేదు, ఓవర్‌ఫ్లో బోల్టు ఉంది. బండి నాలుగు వైపులా సమంగా ఉండాలి, ఇంజన్ ఐడిల్‌లో ఉండాలి. బ్రేకు తొక్కి పట్టి లివరును ప్రతి చోటా కొన్ని సెకన్లు ఉంచి తిరిగి ‘పి’ (పార్క్) దగ్గరికి తేవాలి. స్కానరులో ఏటీఎఫ్ వేడి 40 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నప్పుడు ఆ బోల్టు విప్పాలి. సన్నటి ధారగా కారి చుక్కలకు వస్తే లెవెల్ సరి. 80 డిగ్రీల్లో విప్పితే వ్యాకోచించిన ఆయిల్ ఎక్కువ కారిపోతుంది, చల్లారాక లెవెల్ తక్కువ పడుతుంది. అలాంటి బండి ఎక్కుడులో పంపు గాలి పీల్చి, గేరు మారే క్షణంలో ఆర్‌పీఎం ఎగసిపడుతుంది. ఎక్కువ పోసినా నురగ కట్టి గేరు ఆలస్యమవుతుంది.

గేర్ బాక్స్ కంప్యూటరు లోపలున్న ప్రతి క్లచ్ ఎంతసేపట్లో పట్టుకుందో కొలుస్తూ ఒత్తిడిని సవరించుకుంటుంది. ఆ నేర్చుకున్న విలువల్ని చెరిపేయడాన్నే లెర్నింగ్ రీసెట్ అంటున్నారు. వాల్వ్ బాడీ (ఆయిల్ ఒత్తిడిని క్లచ్‌లకు పంచే భాగం) మార్చినా, బాక్స్ విప్పి కట్టినా అది చేయాలి. ‘జర్కు వస్తోంది, ఓసారి రీసెట్ కొట్టు’ అనడం మాత్రం తప్పు. అరిగిన క్లచ్‌కి తగ్గట్టు సర్దుకున్న విలువలు పోయి జర్కు ఇంకా పెరగొచ్చు. బ్యాటరీ టెర్మినల్ పీకి ఉంచే చిట్కా కొత్త బళ్లలో చాలావాటికి పనిచేయదు, విలువలు మెమరీలోనే ఉంటాయి.

రీసెట్ చేశాక ఘాట్ వైపు పోకండి. జయపురం నుంచి బొరిగుమ్మ వైపు చదునుగా ఉండే రోడ్డు దీనికి బాగుంటుంది. ముందు ఏటీఎఫ్ పూర్తిగా వేడెక్కాలి. ఆగి ఉన్నప్పుడు బ్రేకు తొక్కి ఎన్ (న్యూట్రల్) నుంచి డి, ఎన్ నుంచి ఆర్ (రివర్స్), ఒక్కోసారి కొన్ని సెకన్లు ఆగుతూ నాలుగైదు సార్లు వేయండి. తర్వాత పావు వంతు యాక్సిలరేటర్‌ను కదపకుండా పట్టి ఆరో గేరు దాకా పోనిచ్చి, గట్టి బ్రేకు లేకుండా ఆగేదాకా జారనివ్వండి. పది సార్లు ఇలా చేస్తే తేడా తెలుస్తుంది.

ఇంజన్ రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటరు సెట్టింగులు మార్చడం) గురించి ఒక ముక్క. ఇంజన్ ఎంత టార్క్ ఇస్తోందో చెప్పే సంఖ్యను బట్టే బాక్స్ క్లచ్ ఒత్తిడి నిర్ణయించుకుంటుంది. రీమ్యాప్‌లో టార్క్ పెంచి ఆ సంఖ్యను తక్కువగా చూపిస్తే బాక్స్ సరిపడా ఒత్తిడి ఇవ్వదు, క్లచ్ జారి కాలుతుంది. అమెరికా పికప్పుల పది గేర్ల బాక్సులకు చేసిన వీడియోలు చూసి ఇక్కడి ఆరు గేర్ల బండి మీద ప్రయోగాలు చేయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

వర్క్‌షాప్‌కి వెళ్లేటప్పుడు ‘గేరు సరిగ్గా పడట్లేదు’ అంటే మెకానిక్‌కి ఏమీ తెలియదు. ఏ గేరు నుంచి ఏ గేరుకి, ఎంత స్పీడులో, యాక్సిలరేటర్ ఎంత తొక్కి ఉండగా, బండి చల్లగా ఉందా వేడిగా ఉందా, వెనక ఎంత బరువు ఉంది, ఇవి కాగితం మీద రాసి ఇవ్వండి. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు మీటరు వీడియో తీస్తే మరీ మంచిది.